మురుగునీటిలోని కొత్త ఉష్ణప్రియ బ్యాక్టీరియా: నమూనా తీసిన రోజు నుంచి పేరు పెట్టేదాకా

మురుగునీటి బురదలోంచి డీఎన్‌ఏ తీసి చదివించి, ఇంతవరకు పేరులేని జన్యుక్రమాలను కుప్పలుగా పోగుచేయడం నేడు మామూలు విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు కూడా సాధ్యమే. కష్టమంతా మరోచోట ఉంది. ఆ జీవిని ఒంటరిగా, స్వచ్ఛంగా, 55 డిగ్రీల వేడిలో బతికించాలి. ఇంకొక పరిశోధకుడు అడిగితే గొట్టంలో పెట్టి పంపగలగాలి. బ్యాక్టీరియా వర్గీకరణ ఇప్పటికీ ప్రధానంగా ఆ బతికున్న కల్చర్ మీదే నిలబడి ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో కంప్యూటర్ పనికన్నా సీసా దగ్గర చేసే పనికే ఎక్కువ చోటిచ్చాను. సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ స్థాయి పరిచయం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఉదాహరణగా అనేరోలినియా థర్మోఫిలా అనే బ్యాక్టీరియాను వెంట తీసుకువెళదాం. జపాన్‌లో యుజి సెకిగుచి, ఆయన సహచరులు ఆహార పరిశ్రమ మురుగునీటిని శుద్ధి చేసే అవాయు (గాలి లేకుండా నడిచే) రియాక్టర్‌లోని బురద గుళికల నుంచి దీన్ని వేరుచేశారు. గుళికల్లో దాని ఉనికిని చూపిన పరిశోధన 1999లో, వేరుచేసిన వివరం 2001లో, కొత్త ప్రజాతిగా (జీనస్) పేరు 2003లో, దాని చుట్టూ కొత్త తరగతి 2006లో వచ్చాయి. ఈ వరుసనే ఒక పాఠంగా తీసుకోవచ్చు.

మొదటి మెట్టు: వేడి ఎక్కడ నిలకడగా ఉందో చూడండి

45 డిగ్రీల సెల్సియస్ పైన అత్యుత్తమంగా పెరిగేవాటిని ఉష్ణప్రియ బ్యాక్టీరియా అంటారు. 80 దాటితే అతి ఉష్ణప్రియాలు. 50 దగ్గర పెరుగుతూనే 37 దగ్గర ఇంకా బాగా పెరిగేది ఉష్ణసహ జీవి మాత్రమే. ఈ తేడాను మొదటి రోజు నుంచే మనసులో ఉంచుకోవాలి.

మురుగునీటి రంగంలో నిజమైన వేడి తావులు కొన్నే. 50 నుంచి 57 డిగ్రీల మధ్య నడిపే అవాయు డైజెస్టర్లు, గాలి పంపుతూ బురద తనంతట తానే వేడెక్కేలా నడిపే జీర్ణపాత్రలు, 60 నుంచి 70 డిగ్రీలకు చేరే బురద కంపోస్టు కుప్పలు, వేడిగా బయటికి వచ్చే పారిశ్రామిక వ్యర్థజలాలు. మొలాసిస్ నుంచి ఆల్కహాలు తీసే డిస్టిలరీల స్పెంట్ వాష్ ఈ చివరి రకానికి చెందుతుంది. చక్కెర కర్మాగారాలున్న తెలుగు జిల్లాల విద్యార్థులకు ఇది అందుబాటులో ఉండే తావు.

హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల (ఎంఎల్‌డీ) మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రంలో కూడా జపాన్ ఉదాహరణలోని తరహా అవాయు బురద రియాక్టర్లే ఉన్నాయి. కానీ అక్కడికి వచ్చేది మామూలు ఉష్ణోగ్రతలో ఉండే నగరపు మురుగు. అలాంటి బురదను 60 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టినా ఏదో ఒకటి పెరుగుతుంది. ఎక్కువసార్లు అది బీజరూపంలో (స్పోర్‌గా) నిద్రపోతూ కొట్టుకువచ్చిన జియోబాసిల్లస్ వంటిది. చల్లని మట్టిలో కూడా ఇవి దొరుకుతాయి. అది అక్కడ జీవిస్తూ పనిచేస్తోందని ఆ పెరుగుదల రుజువు చేయదు. పర్యావరణం గురించి ఏదైనా చెప్పదలచుకుంటే, నెలల తరబడి వేడిగా నడిచిన రియాక్టర్‌నే ఎంచుకోండి. దాని ఉష్ణోగ్రత రికార్డులను కేంద్రం నిర్వాహకుల దగ్గర అడిగి తీసుకోండి.

రెండో మెట్టు: నమూనా

లిఖితపూర్వక అనుమతి లేకుండా కేంద్రంలో అడుగు పెట్టవద్దు. డైజెస్టర్ల దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ రెండూ ఉంటాయి. మొదటిది ప్రాణాంతకం, రెండోది మండుతుంది. గ్యాస్ మీటరు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, తోడుగా కేంద్రం సిబ్బందిలో ఒకరు తప్పనిసరి.

నమూనా తీసే కుళాయిని కొంతసేపు వదిలి, పైపులో నిలిచిన బురద పోయాక పట్టండి. ఉష్ణోగ్రత, పీహెచ్ అక్కడే కొలవండి. అవాయు జీవులకు చలి కన్నా గాలి పెద్ద శత్రువు. కాబట్టి మందపాటి గాజు సీసాను నైట్రోజన్‌తో శుభ్రం చేసి, దాదాపు నిండా నింపి, బ్యూటైల్ రబ్బరు మూతతో బిగించండి. వేడి బురద దారిలోనూ వాయువు విడుదల చేస్తూనే ఉంటుంది. సూదితో ఒత్తిడి తగ్గించకపోతే సీసా పగిలే ప్రమాదం ఉంది.

అదే సమయంలో నమూనాను మూడు భాగాలు చేయండి. ఒకటి కల్చర్ కోసం. రెండోది డీఎన్‌ఏ కోసం, వెంటనే గడ్డకట్టించాలి. మూడోది పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరచి సూక్ష్మదర్శిని కోసం. ఈ మూడో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. ఏడాది తర్వాత ఒక కొత్త స్ట్రెయిన్ (వేరుచేసిన స్వచ్ఛమైన కల్చర్) చేతికి వచ్చినప్పుడు, అది అసలు బురదలో ఎంత ఉండేదో, ఎక్కడ ఉండేదో చూపగలిగేది ఆ భాగమే.

మూడో మెట్టు: వేరుచేసే ముందు చూడండి

16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ (రైబోజోమ్‌లోని ఒక ఆర్‌ఎన్‌ఏ) జన్యువు ఆధారంగా బురదలో ఎవరెవరున్నారో ముందు తెలుసుకోండి. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో జీవులను ఆ అణువు ఆధారంగా పోల్చి చూపినప్పటి నుంచి బ్యాక్టీరియా బంధుత్వాలకు ఇదే ప్రాథమిక కొలమానం. ఆ తర్వాత, ఆసక్తి కలిగించిన సమూహానికి మాత్రమే అతుక్కునే మెరిసే ప్రోబ్‌ను (చిన్న డీఎన్‌ఏ ముక్కను) తయారుచేసి, స్థిరపరచిన నమూనా మీద ప్రయోగించండి.

జపాన్ బృందం చేసింది ఇదే. అప్పట్లో హరిత గంధకేతర బ్యాక్టీరియా అని పిలిచిన విభాగానికి చెందిన, ఎవరూ పెంచని ఒక సమూహం ఆ గుళికల్లో గణనీయంగా ఉందని జన్యుక్రమాలు చెప్పాయి. ప్రోబ్ వేసి చూస్తే, గుళిక బయటి పొరలో సన్నని దారాలుగా అల్లుకుని కనిపించింది. ఎలాంటి ఆకారం కోసం వెతకాలో, ఏ ఉష్ణోగ్రతలో వెతకాలో దానితో తేలిపోయింది. గుడ్డిగా పెంచి దొరికినదాన్ని తీసుకోవడానికి, ముందే చూసి వెతకడానికి మధ్య తేడా ఇక్కడే ఉంది. నా మటుకు నాకు మొత్తం పనిలో ఎక్కువ ఆలోచన పెట్టాల్సిన దశ ఇదే.

నాలుగో మెట్టు: మీడియం, విలీనం, ఓపిక

డైజెస్టర్‌లో పోషకాలు ఎప్పుడూ పలుచగానే అందుతాయి. ప్రయోగశాలలో గ్లూకోజు, పెప్టోన్ దండిగా వేస్తే వేగంగా పెరిగే క్లాస్ట్రిడియా బంధువులు రెండు రోజుల్లో సీసాను ఆక్రమిస్తాయి. మీకు కావలసిన నెమ్మదస్తుడు వాటి కింద అణగిపోతాడు. దీనికి రెండు మందులున్నాయి. పోషకాన్ని తక్కువగా ఇవ్వాలి. బురదను ముందే బాగా విలీనం, అంటే పలుచన, చేయాలి. పదో వంతు చొప్పున వరుసగా తొమ్మిది పది గొట్టాల దాకా పలుచన చేస్తే, సంఖ్యలో ఎక్కువగా ఉన్న జీవులే చివరి గొట్టాలకు చేరతాయి. వేగంగా పెరిగేవి తక్కువ సంఖ్యలో ఉంటే మధ్యలోనే ఆగిపోతాయి.

అవాయు జీవుల మీడియంకు సాధారణ కూర్పు ఇది: ఖనిజ లవణాలు, విటమిన్లు, కొద్దిగా ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, బైకార్బొనేట్ బఫర్, పైన 80:20 నిష్పత్తిలో నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. ప్రాణవాయువు జాడ తెలిపేందుకు రెసజురిన్, దాన్ని తొలగించేందుకు సిస్టీన్, సోడియం సల్ఫైడ్ కలపాలి. రెసజురిన్ గులాబీ రంగులో ఉంటే మీడియం ఇంకా సిద్ధం కానట్టే. రంగు పూర్తిగా పోయాకే బురద ఎక్కించండి. మీథేన్ తయారుచేసే ఆర్కియా వద్దనుకుంటే బ్రోమోఈథేన్‌సల్ఫొనేట్ వాటిని ఆపుతుంది. అయితే తొందరపడి ఆపవద్దు. అనేరోలినియా థర్మోఫిలా ఒంటరిగా నెమ్మదిగా పెరుగుతుంది, హైడ్రోజన్‌ను తిని మీథేన్ తయారుచేసే మెథనోథర్మోబాక్టర్ తోడుంటే మెరుగ్గా పెరుగుతుంది. హైడ్రోజన్ పేరుకుపోతే పులియబెట్టే జీవి తన పనిని తానే అడ్డుకుంటుంది. దాన్ని తీసేసే తోడు ఉంటే అడ్డు తొలగిపోతుంది. అదే తరహా రియాక్టర్ నుంచి 2002లో వర్ణించిన పెలోటోమాక్యులం థర్మోప్రొపియోనికం ప్రొపియోనేట్ మీద బతకాలంటే అలాంటి తోడు ఉండి తీరాలి. కొత్త జీవి ఒంటరిగా పెరగడం లేదంటే మీ చేతిలో లోపం ఉందని అనుకోనక్కరలేదు. దాని బతుకే అది కావచ్చు.

ఘన మీడియం విషయంలో అగార్ ఇబ్బంది పెడుతుంది. 55 పైన పళ్లేలలో తడి ఊరి కాలనీలు కలిసిపోతాయి, 65 దాటితే అగార్ మెత్తబడుతుంది, రెండు రోజుల్లో ఎండిపోతుంది. దాని బదులు జెల్లన్ గమ్ వాడండి. అది గట్టిపడటానికి మెగ్నీషియం లేదా కాల్షియం అయాన్లు కావాలి, కాబట్టి ఆ లవణాలు తగినంత ఉన్నాయో లేదో చూసుకోండి. వాయు జీవులైతే పళ్లేలను మూసిన డబ్బాలో తడి గుడ్డతోపాటు ఉంచండి. అవాయు జీవులకు రాబర్ట్ హంగేట్ రూపొందించిన పద్ధతిలో, గొట్టం లోపలి గోడకు పలుచని జెల్ పొర పట్టించి, అందులో కాలనీలు పెంచడం ఇప్పటికీ నమ్మదగిన దారి.

వారం రోజుల్లో ఏమీ కనిపించలేదని గొట్టాలు పారేయవద్దు. నెమ్మదిగా పెరిగే ఉష్ణప్రియాలు రెట్టింపు కావడానికే రోజులు తీసుకుంటాయి. బురద ఎక్కించని గొట్టాన్ని పక్కనే అదే వేడిలో ఉంచితే, సల్ఫైడ్ అవక్షేపాన్ని పెరుగుదలగా పొరబడే ప్రమాదం తప్పుతుంది.

ఐదో మెట్టు: స్వచ్ఛత

ఒక్క కాలనీ నుంచి తీసుకున్నంత మాత్రాన అది ఒక్క జీవి కాదు. కాలనీని ఎత్తి, మళ్లీ విలీనం చేసి, మళ్లీ కాలనీలుగా పెంచడం కనీసం మూడుసార్లు జరగాలి. ఆ తర్వాత పరీక్షలు. వేర్వేరు దశల్లో సూక్ష్మదర్శిని కింద ఒకే ఆకారం కనిపించాలి. థయోగ్లైకొలేట్ వంటి పుష్టికరమైన మీడియంలో, గాలి ఉన్నప్పుడూ లేనప్పుడూ, 37 డిగ్రీల దగ్గర కూడా అనుకోని జీవి ఏదీ తలెత్తకూడదు. వేడి కల్చర్లలో దాగి ఉండే తోడు చాలాసార్లు బీజాలు ఏర్పరచే రకమే. వేడి దాన్ని చంపదు కాబట్టి వేడి మీద భరోసా పెట్టుకోవద్దు. చివరి సాక్ష్యం జన్యుపటం నుంచి వస్తుంది. పూర్తి జన్యుపటం చదివించాక అందులో రెండు రకాల 16ఎస్ జన్యువులు, రెండు వేర్వేరు జీవులకు చెందినవి, కనిపిస్తే మళ్లీ మొదటికి వెళ్లాలి.

స్వచ్ఛమైందని తేలిన రోజే గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర భద్రపరచండి. ఒకే ఫ్రీజర్‌లో కాకుండా రెండు చోట్ల పెట్టండి. కొన్ని గొట్టాలను వారం తర్వాత కరిగించి, తిరిగి పెరుగుతున్నాయో లేదో పరీక్షించండి. గడ్డకట్టించినంత మాత్రాన బతికి ఉన్నట్టు కాదు.

ఆరో మెట్టు: బంధువులెవరు?

దాదాపు పూర్తి నిడివి, అంటే 1,400 బేస్‌లకు పైగా 16ఎస్ జన్యుక్రమం తీసుకోండి. దాన్ని పేరులేని పర్యావరణ నమూనాలతో కాకుండా టైప్ స్ట్రెయిన్లతో (ఒక్కో జాతి పేరుకు ప్రామాణికంగా నిలిచే కల్చర్లతో) పోల్చండి. సాధారణ డేటాబేస్ వెతుకులాటలో పైన వచ్చేవన్నీ పెంచని జీవుల క్రమాలే అయితే, వాటితో పోలికకు వర్గీకరణలో పెద్దగా విలువ లేదు.

98.7 శాతం కన్నా తక్కువ పోలిక ఉంటే కొత్త జాతి అయ్యే అవకాశం గట్టిగా ఉంటుంది. దాదాపు 94.5 కన్నా తక్కువైతే కొత్త ప్రజాతి గురించి ఆలోచించవచ్చు. దానికి పై అంతస్తులకూ 2014లో ప్రతిపాదించిన హద్దులున్నాయి: కుటుంబానికి 86.5, క్రమానికి 82, తరగతికి 78.5, వర్గానికి 75 శాతం. ఇవి ఆలోచన మొదలుపెట్టడానికి పనికొస్తాయి, తీర్పు ఇవ్వడానికి చాలవు.

ఉష్ణప్రియాల విషయంలో ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. ఎక్కువ వేడిలో పెరిగే జీవుల రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో గ్వానిన్, సైటోసిన్ జంటలు ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే మడతలు వేడికి విడిపోకుండా అవి మూడు బంధాలతో పట్టి ఉంచుతాయి. విచిత్రం ఏమిటంటే మొత్తం జన్యుపటంలో ఈ సంబంధం కనిపించదు. ఫలితంగా 16ఎస్ ఆధారంగా గీసిన వంశవృక్షంలో, దూరపు బంధువులైన రెండు ఉష్ణప్రియాలు కేవలం వేడి వల్ల దగ్గరగా కనిపించవచ్చు. వృక్షం లోతైన కొమ్మల్లో ఇది పెద్ద పొరపాట్లకు దారి తీస్తుంది. కాబట్టి జాతి స్థాయిలో 16ఎస్‌ను నమ్మినా, కొత్త కుటుంబం, తరగతి అనాలంటే వందకు పైగా ఉమ్మడి ప్రోటీన్ జన్యువులతో వృక్షం గీయాలి.

కోప్రోథర్మోబాక్టర్ ప్రోటియోలిటికస్ చరిత్ర దీనికి మంచి సాక్ష్యం. చర్మశుద్ధి వ్యర్థాలు, పశువుల పేడ కలిపి పులియబెట్టే వేడి డైజెస్టర్ నుంచి దీన్ని వేరుచేసి 1985లో థర్మోబాక్టరాయిడీస్ ప్రజాతి కింద పేరు పెట్టారు. 1993లో ప్రత్యేక ప్రజాతిగా మార్చారు. చాలాకాలం ఫర్మిక్యూట్స్ వర్గంలో ఉంచారు. జన్యుపటాల ఆధారం వచ్చాక, 2018లో దానికి ఏకంగా ఓ కొత్త వర్గాన్నే ప్రతిపాదించారు. మొదటి పరిశోధకుల కల్చర్ భద్రంగా ఉండబట్టే ఈ సవరణలన్నీ సాధ్యమయ్యాయి.

జన్యుపటం చదివించేటప్పుడు కనీసం 50 రెట్ల కవరేజి ఉండేలా, అంటే ప్రతి బేస్‌ను సగటున 50 సార్లు చదివేలా, చూసుకోండి. సగటు న్యూక్లియోటైడ్ సారూప్యత (రెండు జన్యుపటాల డీఎన్‌ఏ అక్షరాలు ఎంత కలుస్తాయో చెప్పే అంకె) 95 నుంచి 96 శాతం కన్నా తక్కువగా ఉండి, డిజిటల్ డీఎన్‌ఏ సంకరణ విలువ 70 శాతం కన్నా తక్కువగా ఉంటే అది వేరే జాతి. ఈ 70 శాతం హద్దు 1987 నుంచి ఉంది. అప్పట్లో రెండు జీవుల డీఎన్‌ఏను నిజంగానే వేడిచేసి జతకట్టించి కొలిచేవారు. ఇప్పుడు కంప్యూటర్ అంచనా వేస్తుంది. అత్యంత సమీప బంధువు ఒక్కదానితో కాకుండా, ఆ ప్రజాతిలో జన్యుపటం ఉన్న అన్ని టైప్ స్ట్రెయిన్లతోనూ పోల్చండి.

ఏడో మెట్టు: వేడిని రుజువు చేయండి

కొత్త ఉష్ణప్రియ జీవి అని ప్రకటించే వ్యాసాల్లో అతి బలహీనంగా కనిపించేది చాలాసార్లు ఈ భాగమే కావడం విచారకరం. ఇంక్యుబేటర్ తెర మీది అంకె గొట్టం లోపలి ఉష్ణోగ్రత కాదు. మీడియం నింపిన గొట్టంలో థర్మామీటరు పెట్టి, పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి చూడండి. 5 డిగ్రీల తేడాతో మొదలుపెట్టి, కనిష్ఠ, గరిష్ఠ హద్దుల దగ్గర 2 డిగ్రీలకు తగ్గించండి. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా కనీసం మూడు తరాల బదిలీలు జరగాలి. 45 దగ్గర ఒకసారి మబ్బు పట్టినంత మాత్రాన అక్కడ పెరిగినట్టు కాదు. 55లో పెరిగిన కణాలు తమలో నిల్వ ఉన్నదానితో కాసేపు సాగుతాయి. పీహెచ్‌ను కూడా ఆ వేడిలోనే కొలవాలి, గది ఉష్ణోగ్రతలో సరిచేసిన బఫర్ వేడెక్కాక మారుతుంది.

అనేరోలినియా థర్మోఫిలా 50 నుంచి 60 డిగ్రీల మధ్య పెరుగుతుంది, 55 దగ్గర అత్యుత్తమం. ఇంత ఇరుకైన పరిధి ఉన్న జీవిని 10 డిగ్రీల తేడాతో పరీక్షిస్తే దాని అసలు స్వభావం మనకు అందదు. పైగా అది దారంలా పెరిగి గుంపు కడుతుంది. అలాంటప్పుడు కాంతి శోషణతో పెరుగుదల కొలవడం తప్పు ఫలితాలిస్తుంది. మొత్తం ప్రోటీన్ లేదా ఉత్పత్తి అయిన ఆమ్లాలు, హైడ్రోజన్ కొలవండి.

మిగిలిన లక్షణాల పట్టిక మామూలే: ఏ చక్కెరలు, ఆమ్లాలు వాడుకుంటుంది, ఏవి విడుదల చేస్తుంది, గ్రామ్ రంజనం, బీజాలు, ఉప్పు సహనం, క్వినోన్లు, ధ్రువ లిపిడ్లు. కొవ్వు ఆమ్లాల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. బ్యాక్టీరియా తన పొరలోని కొవ్వు ఆమ్లాలను ఉష్ణోగ్రతను బట్టి మార్చుకుంటుంది. కాబట్టి మీ స్ట్రెయిన్‌ను 60 దగ్గరా, పోల్చే బంధువును 50 దగ్గరా పెంచి వచ్చిన తేడాను జాతుల మధ్య తేడాగా రాయకూడదు. సమీప బంధువులను సేకరణ కేంద్రం నుంచి తెప్పించి, ఒకే మీడియంలో, ఒకే వేడిలో, పక్కపక్కనే పెంచండి. పాత వ్యాసంలోని అంకెలతో పోల్చడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఎనిమిదో మెట్టు: పేరు, జమ, ప్రచురణ

ప్రొకారియోట్ల నామకరణ నియమావళి ప్రకారం పేరు చెల్లుబాటు కావాలంటే టైప్ స్ట్రెయిన్‌ను కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని రెండు బహిరంగ సేకరణ కేంద్రాల్లో జమచేయాలి. వాటిని ఎవరికైనా ఆంక్షలు లేకుండా ఇవ్వగలగాలి. అనేరోలినియా థర్మోఫిలా జపాన్‌లోని జేసీఎంలోనూ, జర్మనీలోని డీఎస్‌ఎమ్‌జెడ్‌లోనూ ఉంది. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణేలోని ఎంసీసీ ఉన్నాయి. విదేశీ కేంద్రానికి పంపేటప్పుడు 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలను నమూనా తీసే ముందే చదువుకుని, మీ సంస్థ ద్వారా కావలసిన ప్రక్రియ మొదలుపెట్టండి. చివర్లో గుర్తొస్తే పూర్తయిన వ్యాసం నెలల తరబడి ఆగిపోతుంది.

లాటిన్ రూపం, వ్యాకరణ లింగం సరిగ్గా ఉన్నాయో లేదో, ఆ పేరు ఇంతకుముందే వాడుకలో ఉందో లేదో ప్రొకారియోట్ల పేర్లను నమోదు చేసే ఎల్‌పీఎస్‌ఎన్ జాబితాలో చూసుకోండి. ఈ నామకరణానికి అధికారిక పత్రిక అయిన ఐజేఎస్‌ఈఎంలో ప్రచురిస్తే పేరు నేరుగా చెల్లుతుంది. మరో పత్రికలో వేస్తే, ఐజేఎస్‌ఈఎం ధ్రువీకరణ జాబితాలో చేరేదాకా చెల్లదు.

వేరుచేయడం సాధ్యం కాని జీవి అయితే? క్యాండిడేటస్ అనే ముందుపదంతో తాత్కాలిక పేరు పెట్టవచ్చు. 2022లో వచ్చిన సీక్‌కోడ్ అనే మరో నామకరణ నియమావళి జన్యుపటాన్నే టైప్‌గా అంగీకరిస్తుంది. రెండూ గౌరవనీయమైన మార్గాలే, పెంచలేని సిన్‌ట్రోఫిక్ (తోడు జీవి మీద ఆధారపడి బతికే) జీవులకు ఎంతో అవసరం కూడా. కానీ పెంచగలిగే అవకాశం ఇంకా మిగిలి ఉండగా వాటిని ఎంచుకోవద్దని నా గట్టి సలహా. జన్యుపటం 55 డిగ్రీల దగ్గర పెరుగుతుందని ఊహించగలదు, చూపలేదు.

వ్యాసం రాయడం మొదలుపెట్టక ముందే కల్చర్లను సేకరణ కేంద్రాలకు పంపండి. వాళ్లు దాన్ని తిరిగి పెంచి, స్వచ్ఛమైనదని నిర్ధారించుకున్నాకే ధ్రువపత్రం ఇస్తారు. నెమ్మదిగా పెరిగే అవాయు ఉష్ణప్రియం విషయంలో మొదటి ప్రయత్నం విఫలం కావడం సాధారణం. గొట్టాలతోపాటు మీడియం పూర్తి కూర్పు, వాయు మిశ్రమం, పెరగడానికి పట్టే రోజులు, ఏ దశలో బదిలీ చేయాలో రాసి పంపండి. వీలైతే సిద్ధం చేసిన మీడియం గొట్టాలు కూడా జతచేయండి.